మాంసం ముక్కలో నిజంగా ఏముందో లెక్క కట్టడం ఎలా?

చర్మం తీసిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాముల్లో 31 గ్రాముల ప్రోటీన్ ఉంటుందని ఒక పట్టిక చెబుతుంది. ఇంకో పట్టిక 22 అంటుంది. రెండూ సరైనవే. మొదటిది వండాక తూచిన లెక్క, రెండోది పచ్చిముక్క లెక్క. వండేటప్పుడు నీళ్లు బయటికి పోతాయి, ప్రోటీన్ దాదాపు ముక్కలోనే ఉండిపోతుంది. అందుకే వండిన ముక్కలో అది చిక్కగా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను పచ్చిమాంసం 200 గ్రాములు తూచి, వండిన మాంసం అంకెతో లెక్కేసి, రోజుకు 62 గ్రాముల ప్రోటీన్ తింటున్నానని సంబరపడ్డాను. అసలు ఒంటికి అందింది 44. ఇలా కొన్ని నెలలు గడిచాయి.

పట్టికలో ఉండేది సగటు అంకె. మీ చేతిలో ఉన్న ముక్క మాత్రం ఫలానా జంతువుది, ఫలానా వయసుది. అది ఏం తిని పెరిగిందో, ఎలా కోశారో, ఎలా చల్లార్చారో, మీరు దాన్ని పొయ్యి మీద ఏం చేశారో, వీటిని బట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. వంటింటి కాటా, కళ్లు, చూపుడువేలు ఉంటే చాలావరకు తేల్చుకోవచ్చు.

1. ముందు తూచండి, పచ్చిగా ఉన్నప్పుడే

వండిన ముక్క బరువును నమ్మి లెక్కేయడం కష్టం. ఒకరు కాస్త ఉడకగానే దించేస్తారు, ఇంకొకరు నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా ఉంచుతారు. మామూలుగా వండితే నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బరువు తగ్గుతుంది. కాబట్టి తెచ్చిన వెంటనే తూచి, పచ్చిమాంసం అంకెలు వాడండి. వండినదే తూచాల్సి వస్తే వండిన మాంసం అంకెలు వాడండి. రెండింటినీ కలపకుండా ఉంటే సగం తప్పులు పోతాయి.

ఎముకల సంగతి చాలామంది మర్చిపోతారు. కిలో తెచ్చాం అనుకుంటాం గానీ అందులో తినేదెంత? ఒకసారి ఈ పని చేసి చూడండి. పచ్చిగా ఉన్నప్పుడు మొత్తం తూచి రాసుకోండి. అందరూ తిన్నాక ఎముకలన్నీ ఒక గిన్నెలో వేసి తూచండి. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే అసలు మాంసం ఎంతో తెలుస్తుంది. గ్రాముల దాకా కచ్చితంగా రాదు, కానీ ఇంట్లో లెక్కకు సరిపోతుంది. రెండు మూడుసార్లు చేశాక మీరు మామూలుగా తెచ్చే ముక్కలకు ఒక నిష్పత్తి దొరుకుతుంది, ఆ తర్వాత ఎంగిలి ఎముకలు తూచే పని ఉండదు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

2. కొవ్వు ఎంతుందో అంచనా వేయండి, మిగతాదంతా దాన్నిబట్టి వస్తుంది

ప్రోటీనుకు మన భాషలో మాంసకృత్తులు అని పేరు. ఆ పేరు విని మాంసమంటే అంతా అదేననుకుంటాం. తీరా చూస్తే కొవ్వు లేని ముక్కలో నాలుగింట మూడు వంతులు నీళ్లే. 100 గ్రాముల్లో నీళ్లు సుమారు 75, ప్రోటీన్ 20 నుంచి 22, కొవ్వు 2 నుంచి 5, ఖనిజాలు 1 గ్రాము. పిండిపదార్థం లెక్కలోకి రానంత తక్కువ. కండలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కాస్త ఉన్నా, అదీ కోసిన తర్వాత కొన్ని గంటల్లో ఖర్చయిపోతుంది. ఆ ఖర్చు ఎందుకు ముఖ్యమో నాలుగో మెట్టులో చెబుతాను.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. కొవ్వు పెరిగినప్పుడు ముఖ్యంగా తగ్గేది నీళ్లు. ప్రోటీన్ మెల్లగా తగ్గుతుంది. బాగా కొవ్వు పట్టిన గొర్రె మాంసంలో కొవ్వు 23 గ్రాముల దాకా ఉంటే, నీళ్లు 60 దగ్గరికి దిగుతాయి, ప్రోటీన్ 17 దగ్గర ఆగుతుంది. కేలరీలు మాత్రం ఎక్కడికో పోతాయి. గ్రాము ప్రోటీనుకు 4, గ్రాము కొవ్వుకు 9 చొప్పున వేసి చూడండి. కొవ్వు లేని మేక మాంసంలో ప్రోటీన్ 20.6, కొవ్వు 2.3 గ్రాములు అనుకుంటే సుమారు 103 కేలరీలు. ఆ కొవ్వు గొర్రె ముక్కకు ఇదే లెక్క వేస్తే 275. రెండింట్లో ప్రోటీన్ తేడా నాలుగు గ్రాముల లోపే, కేలరీల తేడా రెండున్నర రెట్లకు పైగా. కాబట్టి మీరు అంచనా వేయాల్సింది కొవ్వునే. కంటికి కనిపించే తెల్లపొరను కత్తితో తీసి విడిగా తూచండి. చర్మంతో ఉన్న కోడి అయితే పని ఇంకా సులువు, దాని కొవ్వులో పెద్దభాగం చర్మంలోనూ దాని కిందా ఉంటుంది. చర్మం లాగేస్తే అదీ పోతుంది.

పట్టికలోని ప్రోటీన్ అంకె గురించి ఒక మాట. మాంసంలో ఉన్న నైట్రోజన్ ఎంతో కనుక్కుని దాన్ని 6.25తో గుణించి ఆ అంకె రాస్తారు. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుందన్నది ఆ లెక్కకు ఆధారం. ఈ పద్ధతిని 1883లో డెన్మార్క్‌లో యోహాన్ కెల్డాల్ కనిపెట్టాడు. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో, కొలవాలనుకున్నది బీరుకు వాడే ధాన్యంలోని ప్రోటీన్. ఇందులో ఒక చిక్కుంది. నైట్రోజన్‌కు కండ ఏదో, నరం ఏదో తెలియదు. నమిలినా నలగని ఆ తెల్లటి నరం ముక్క నిండా ఉండేది కొల్లాజెన్. కాగితం మీద అదీ ప్రోటీనే. కానీ ఒంటికి తప్పనిసరిగా కావాల్సిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కొల్లాజెన్‌లో ఉండదు. అలాంటి నరాలు ఎక్కువున్న ముక్కను మెత్తటి కండతో సమానంగా లెక్కేయకండి.

3. మీకేం కావాలో అనుకున్నాక ముక్క ఎంచుకోండి

తక్కువ కేలరీల్లో ప్రోటీన్ కావాలంటే రొమ్ము భాగం. ఇది అందరికీ తెలిసిందే. ఐరన్ తక్కువున్నవాళ్లు కూడా అదే తెచ్చుకుంటే మాత్రం పొరపాటు. కోడి రోజంతా నడుస్తుంది, కాబట్టి కాళ్ల కండలకు ఆక్సిజన్ ఆగకుండా అందాలి. దాన్ని నిలవ ఉంచేది మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్, దాని నడిమధ్యలో ఉండేది ఐరన్. ఎగరడం ఎప్పుడో ఒకసారి, రెండు క్షణాల పని, అందుకే రొమ్ము కండ తెల్లగా ఉంటుంది. తొడ మాంసంలో ఐరన్, జింక్ రెండూ రొమ్ముతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అయినా కోడి మొత్తం మీద ఐరన్ విషయంలో వెనకబడే ఉంటుంది. మేక, గొర్రె, బీఫ్ దానికంటే చాలా ముందుంటాయి. ముక్క ఎంత ఎర్రగా ఉంటే ఐరన్ అంత ఎక్కువ అన్న గుర్తు చాలావరకు పనికొస్తుంది.

మాంసంలోని ఐరన్‌లో చెప్పుకోదగ్గ భాగం హీమ్ అనే, ఒంటికి సులువుగా అందే రూపంలో ఉంటుంది. దాన్ని ఒళ్లు 15 నుంచి 35 శాతం దాకా పీల్చుకుంటుంది. మొక్కల ఐరన్ అంత సులువుగా ఒంటబట్టదు. కానీ మాంసంతో కలిపి తింటే పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్న ఐరన్ కూడా ఎక్కువగా ఒంటబడుతుంది. అంటే ఐరన్ కోసం పెద్ద గిన్నెడు మాంసం అవసరం లేదు, కూరగాయలతో కలిపిన కొద్ది ముక్కలు కూడా పనిచేస్తాయి.

కార్జం సంగతి వేరు. 100 గ్రాముల కోడి కార్జంలో ఐరన్ సుమారు 9 మిల్లీగ్రాములు, బి12 సుమారు 16 మైక్రోగ్రాములు ఉంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన బి12 రెండున్నర మైక్రోగ్రాముల లోపే. అయితే అందులోనే విటమిన్ ఎ దాదాపు 3,300 మైక్రోగ్రాములు ఉంటుంది. పెద్దలు రోజూ తీసుకునే మోతాదు 3,000 దాటకూడదంటారు. ఎప్పుడో ఒకసారి తింటే భయం లేదు, రోజూ వద్దు. గర్భిణులు దాని జోలికి పోకపోవడమే మంచిది, ఎక్కువైన విటమిన్ ఎ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. ఇది ఎంత దూరం పోగలదో చెప్పే పాత కథ ఒకటుంది. 1597లో ఆర్కిటిక్ మంచులో చిక్కుకున్న డచ్ నావికుడు విల్లెం బారెంట్స్ బృందం తెల్ల ఎలుగుబంటి కాలేయం వండుకు తిని జబ్బుపడింది. ముగ్గురికి తలనుంచి పాదాల దాకా చర్మం ఊడివచ్చింది. విటమిన్ అన్న మాటే పుట్టని కాలమది, కారణం ఎవరికీ తెలియదు.

కొవ్వు రకం కూడా జంతువును బట్టి మారుతుంది. కోడి, పంది తిన్న దాణాలో ఎలాంటి కొవ్వుంటే వాటి ఒంట్లో చాలావరకు అలాంటి కొవ్వే చేరుతుంది. నెమరువేసే జంతువుల్లో అలా జరగదు. మేక, గొర్రె, ఆవు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని అసంతృప్త కొవ్వును చాలామటుకు సంతృప్త కొవ్వుగా, అంటే త్వరగా గట్టిపడే రకంగా మార్చేస్తాయి. గొర్రె కొవ్వు చల్లారితే నోట్లో అంగిలికి మైనంలా అంటుకోవడానికి కారణం ఇదే. అది కరగడానికి మన ఒంటి వేడి చాలదు. గుండె విషయంలో జాగ్రత్తపడేవాళ్లు ఈ జంతువుల మాంసంలో పైకి కనిపించే కొవ్వును మొహమాటపడకుండా కోసిపారేయాలి.

4. ఆ ముక్క వెనక కథను కంటితో, వేలితో చదవండి

కొనేముందు ఒక్క నిమిషం చూడండి. మొదట రంగు. ఇప్పుడే కోసి విప్పిన లోపలి కండ ఊదాగా ఉంటుంది, గాలి తగలగానే ఎర్రబడుతుంది, రోజులు గడిస్తే గోధుమరంగుకు తిరుగుతుంది. మూడు రంగులకూ కారణం ఆ మయోగ్లోబినే. గోధుమరంగు వచ్చినంత మాత్రాన కుళ్లినట్టు కాదు. కుళ్లిందీ లేనిదీ వాసన, జిగట చెబుతాయి. ప్యాకెట్ అడుగున చేరే ఎర్రటి నీళ్లను నెత్తురనుకుని చాలామంది ముఖం చిట్లిస్తారు. కోసినప్పుడే నెత్తురు చాలావరకు పోయింది. అది మయోగ్లోబిన్ కలిసిన కండలోని నీరు. ఆ నీరు ఎక్కువగా ఉందంటే మాంసాన్ని సరిగా గడ్డకట్టించలేదనో, కరిగించి మళ్లీ గడ్డకట్టించారనో అనుమానించొచ్చు.

రెండోది, ముక్క మామూలు కంటే నల్లగా, పొడిగా, వేలికి అతుక్కునేలా ఉందా? ఆ జంతువు కోతకు ముందు చాలాసేపు బెదిరి, అలసి, ఆకలితో ఉండి ఉంటుంది. దాని కండలో గ్లైకోజెన్ అప్పటికే అయిపోయి ఉంటుంది. మామూలుగా కోసిన తర్వాత గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి, కండ పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దగ్గరనుంచి 5.5 దగ్గరికి దిగుతుంది. ఆ కాస్త పులుపే మాంసాన్ని కొన్నాళ్లు కాపాడుతుంది. అలసిన జంతువులో పీహెచ్ 6కు పైనే ఆగిపోతుంది, బ్యాక్టీరియాకు ఇంతకంటే ఏం కావాలి? అలాంటి ముక్క తెస్తే ఆరోజే వండేయండి. పందిలో దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. సరిగ్గా కోతకు ముందే బెదిరితే, కండ ఇంకా వేడిగా ఉండగానే ఆమ్లం గబగబా తయారై ముక్క పాలిపోయి, మెత్తగా, నీళ్లోడుతూ ఉంటుంది. వండితే ఎండిపోతుంది.

జంతువుల్ని సొంతంగా పెంచి కోసేవాళ్లకు దీంట్లో నేరుగా పాఠం ఉంది. కోతకు కొన్ని గంటల ముందు మేత ఆపండి, నీళ్లు మాత్రం ఆపకండి. దూరం నుంచి తెచ్చినదాన్ని దించీదించగానే కోయకండి, నీడలో కట్టేసి కుదుటపడనివ్వండి. మందులు వాడి ఉంటే ఆ మందుకు చెప్పిన గడువు పూర్తయ్యేదాకా కోత మాటే ఎత్తకండి. పశువుల డాక్టర్ చెప్పిన రోజుల్లో ఒక్కటి కూడా తగ్గించడానికి లేదు.

మూడోది కోడి రొమ్ము గురించి. కండ వెంబడి నిలువుగా తెల్లటి గీతలు కనిపిస్తున్నాయేమో చూడండి. త్వరగా బరువెక్కే కోళ్లలో కండ పెరుగుదలను తట్టుకోలేక అక్కడక్కడా దెబ్బతిని, ఆ చోట కొవ్వు, పీచు చేరితే ఆ గీతలు వస్తాయి. తినడానికి ప్రమాదం లేదు గానీ, గీతలు దట్టంగా ఉంటే కొవ్వు పెరిగి ప్రోటీన్ తగ్గిందని అర్థం. పట్టికలో ఉన్న రొమ్ము మాంసం అది కాదు. ఇంత త్వరగా పెరుగుతున్నాయంటే హార్మోన్లు గుచ్చుతున్నారని చాలామంది తేల్చేస్తారు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్లు 1957 నాటి జాతిని, 1978 నాటి జాతిని, 2005 నాటి జాతిని పక్కపక్కనే పెట్టి, ఒకే దాణా పెట్టి పెంచారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు తూగింది, రెండోది 1.8 కిలోలు, మూడోది 4.2 కిలోలు. ఆ తేడా అంతా తరాల తరబడి ఏరి ఏరి పెంచిన జాతిలోంచి వచ్చింది. ఆ తెల్ల గీతలకు మూలం కూడా ఆ వేగమే.

5. కోసిన వెంటనే తొందరపడకండి

ప్రాణం పోయిన కాసేపటికి కండలు బిగుసుకుంటాయి. కోడిలో ఇది గంటల్లోనే వచ్చి పోతుంది, మేక, గొర్రెలో దాదాపు ఒక రోజు పడుతుంది, పెద్ద పశువుల్లో ఇంకా ఎక్కువ. బిగుసుకున్న సమయంలో వండితే ఎంత ఉడికించినా రబ్బరులా సాగుతుంది. తర్వాత కండలోని ఎంజైములే దారాల్ని మెల్లగా కొరికి వదులు చేస్తాయి. కోడిని నాలుగైదు గంటలు, మేక, గొర్రెను ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి వండి చూడండి. తేడా పళ్లకే తెలుస్తుంది.

అందరూ చేసే తప్పు, ఇంకా వెచ్చగా ఉన్న మాంసాన్ని తెచ్చి నేరుగా ఫ్రీజర్‌లో పడేయడం. బిగుసుకోవడానికి కావాల్సిన శక్తి కండలో ఇంకా మిగిలే ఉంటుంది. గడ్డకట్టి, మళ్లీ కరిగేటప్పుడు అది ఒక్కసారిగా ముడుచుకుని నీళ్లు కక్కుతుంది. ముందు ఒక రోజు ఫ్రిజ్ మామూలు అరలో ఉంచి, ఆ తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చండి.

6. దాచేటప్పుడు

ఫ్రిజ్ 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ, ఫ్రీజర్ మైనస్ 18. కోడి, ఖీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు, మిగతా ముక్కలు మూడు నుంచి ఐదు రోజులు ఉంటాయి. బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు ముద్దలా కాకుండా పలచగా పరిచిన చిన్న సంచుల్లో పెట్టండి. త్వరగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నగా ఉంటాయి, కండను తక్కువగా చీలుస్తాయి, కరిగించినప్పుడు తక్కువ నీరు కారుతుంది. ఆ కారే నీటితోపాటు కొంత ప్రోటీన్, బి విటమిన్లు కూడా పోతాయి. కరిగించడం ఫ్రిజ్‌లోనే.

కోడిని కుళాయి కింద కడగొద్దంటే ఎవరూ వినరని నాకు తెలుసు. కానీ ఆ తుంపర్లతో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా సింకంతా, పక్కనున్న గిన్నెల మీదా పడతాయి. వాటిని చంపేది వేడే, నీళ్లు కాదు. కడగకుండా మనసొప్పకపోతే గిన్నెలో పోసిన నీళ్లలో మెల్లగా ముంచి తీసి, ఆ తర్వాత సింకునూ చేతుల్నీ సబ్బుతో కడగండి.

7. వండేటప్పుడు ఏది పోతుందో, ఏది వస్తుందో

ముక్క లోపల వేడి 60 డిగ్రీలు దాటాక కొల్లాజెన్ ముడుచుకుని, తడిబట్టను పిండినట్టు నీటిని పిండేస్తుంది. మెత్తటి ముక్కను ఇంకా ఉడికిస్తే ఎండిపోవడమే. నరాలున్న ముక్క అలా కాదు. 70, 80 డిగ్రీల పైన గంటల తరబడి సన్నసెగ మీద ఉంచితే ఆ కొల్లాజెన్ కరిగి గెలటిన్ అవుతుంది, ముక్క ఎముకనుంచి జారిపోతుంది. ముదురు జంతువుల్లో కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు గట్టిపడి ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా సమయం పడుతుంది. లేతదానికి తక్కువ సేపు, ముదురుదానికి ఎక్కువ సేపు. రెండింటికీ మధ్యలో ఆపితేనే ముక్క చెడుతుంది.

థర్మామీటరు ఉంటే మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. కోడి 74 డిగ్రీలు, ఖీమా 71, మిగతా ముక్కలు 63 చేరి మూడు నిమిషాలు ఆగాలి. ఖీమాకు ఎక్కువ ఎందుకంటే, పైన ఉండే బ్యాక్టీరియా రుబ్బినప్పుడు లోపలికంతా కలిసిపోతుంది. నిప్పుల మీద నల్లగా మాడిన భాగాన్ని మాత్రం గీకి పారేయండి, అక్కడ క్యాన్సర్ కారకాలుగా అనుమానించే పదార్థాలు తయారవుతాయి.

8. ఎంత తినాలి?

ఎర్రమాంసం (మేక, గొర్రె, బీఫ్, పంది) వారానికి వండిన బరువులో 350 నుంచి 500 గ్రాములు మించొద్దని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. పచ్చిగా తూచేవాళ్లకు ఇది సుమారు 500 నుంచి 700 గ్రాములు. సాసేజ్, బేకన్, హామ్ లాంటి నిలవ మాంసాలకు మాత్రం వీలైనంత దూరం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని మొదటి గ్రూపులో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని గట్టి సాక్ష్యం ఉన్నవాటిలో పెట్టింది. పొగాకు కూడా అదే గ్రూపులో ఉందని అప్పట్లో పెద్ద గోల జరిగింది. ఆ గ్రూపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే, ప్రమాదం రెండింటికీ ఒకటేనని కాదు. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ సంస్థ లెక్క. అంటే తిననివాళ్లకు ఉండే ముప్పు మీద 18 శాతం, వందలో 18 మందికి వస్తుందని కాదు.

చివరగా మిగిలేది పులుసు. నీళ్లలో కరిగే బి విటమిన్లు ఉడికేటప్పుడు ముక్కలోంచి అందులోకి దిగుతాయి, కాబట్టి పారబోయొద్దు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకు పైన తెల్లటి పొర కడుతుంది, దాని కింద పులుసు వణుకుతూ పేరుకుని ఉంటుంది. ఆ వణికేది గెలటిన్. పైపొరను చెంచాతో ఎత్తి కాటా మీద పెట్టండి. ఎన్ని గ్రాములు తూగితే అన్ని తొమ్మిదులు మీ కేలరీల లెక్కలోంచి కొట్టేయొచ్చు.